స్పెషల్ ఎడిషన్ కారు కొనేముందు రీసేల్ లెక్క ఎలా వేసుకోవాలి

మా బావమరిది తన కారు అమ్మేద్దామని పాత కార్లు కొనే ఒక యాప్‌లో వివరాలు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ఒక కుర్రాడు ట్యాబ్ పట్టుకుని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగాడు. కారు నల్లది. గ్రిల్ చుట్టూ ఎర్ర గీత, ఫెండర్ మీద ఎడిషన్ పేరున్న బ్యాడ్జి, సీట్ల మీద అదే పేరు దారంతో కుట్టి ఉంటుంది. కొన్నప్పుడు మామూలు వేరియంట్ కంటే 45 వేలు ఎక్కువ పెట్టి, రెండు నెలలు ఆగి మరీ తీసుకున్నాడు.

ఆ కుర్రాడు చేతిలో ఇమిడే మీటర్ ఒకటి తీసి ప్రతి డోర్ మీదా ఆనించి పెయింట్ మందం చూశాడు. డిక్కీ కార్పెట్ ఎత్తి, స్టెప్నీ ఉండే గుంతలో వేళ్లు పెట్టి తడి ఉందేమో తడిమాడు. సీటు బెల్టు చివరంటా లాగి బురద మరకలు వెతికాడు. టైర్లు ఏ సంవత్సరంలో తయారయ్యాయో రాసుకున్నాడు. అన్నీ అయ్యాక ట్యాబ్‌లో వేరియంట్ ఎంచుకునే దగ్గర ఆగాడు. లిస్టులో ఆ ఎడిషన్ పేరు లేదు.

"సార్, మామూలు టాప్ ఎండే పెడుతున్నా."

"ఇది స్పెషల్ ఎడిషన్ బాబూ. బ్యాడ్జి చూడు."

"చూశా సార్, బాగుంది. కానీ ఇందులో ఆప్షనే లేదు."

45 వేలు అక్కడే పోయాయి. తప్పు ఆ కుర్రాడిది కాదు. స్పెషల్ ఎడిషన్లలో చాలావాటికి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో విడిగా ధర ఉండదు. కొన్నింటికి మాత్రం నిజంగానే ఉంటుంది. ఈ రెండిటినీ షోరూమ్‌లో టోకెన్ అడ్వాన్స్ కట్టకముందే విడదీసుకోవచ్చు. ఎలాగో ఒక్కో అడుగూ చెబుతాను.

1. అది ఏ రకం ఎడిషనో తేల్చుకోండి

ముందు ఒక ప్రశ్న వేసుకోండి. మామూలు వేరియంట్ ఉన్నాయన దాన్ని బెజవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లి 30, 40 వేలు ఖర్చు పెడితే అది మీ కారులా తయారవుతుందా? అవుతుందంటే ఆ ఎడిషన్‌కు రీసేల్‌లో ఒక్క రూపాయి కూడా ఆశించకండి. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం ఎడిషన్లు పక్కకు వెళ్లిపోతాయి.

పండగ సీజన్లో వచ్చేవి ఎక్కువగా ఈ బాపతే. మారుతీ 2024లో తెచ్చిన స్విఫ్ట్ బ్లిట్జ్, వేగన్ ఆర్ వాల్ట్జ్, బాలెనో రీగల్ లాంటివి చూడండి. కింద స్కర్టు, డోర్ వైజర్లు, సీటు కవర్లు, మ్యాట్లు, ఒక స్పాయిలర్. అన్నీ యాక్సెసరీల కౌంటర్లో దొరికే వస్తువులే, ఒక ప్యాకేజీగా కట్టి పేరు పెట్టారు. కొనేవాళ్లకు వీటివల్ల నష్టమేమీ లేదు, విడివిడిగా కొంటే ఇంకా ఎక్కువే అవుతుంది. కానీ అయిదేళ్ల తర్వాత మాసిపోయిన సీటు కవర్‌కు డబ్బులు ఎవరిస్తారు?

రెండో రకంలో మార్పు ఫ్యాక్టరీలోనే జరుగుతుంది, అయితే రంగూ రూపం వరకే. టాటా డార్క్, హ్యుందాయ్ క్రెటా నైట్, మహీంద్రా థార్ ఎర్త్ ఎడిషన్ ఇలాంటివి. వీటిని బయట అచ్చంగా తయారు చేయించడం కష్టం. నల్లటి అల్లాయ్ వీల్స్, నల్లటి రూఫ్ లైనింగ్, వేరే లెదర్ వేయించాలంటే చాలా ఖర్చు. అందుకని వీటికి ఎక్కువ ధర రాకపోయినా బేరం త్వరగా కుదరొచ్చు. అదే ధరకు పక్కపక్కనే రెండు కార్లుంటే కుర్రాళ్లు డార్క్ వైపే చూస్తారు.

మూడో రకంలో ఇనుమే మారుతుంది: ఇంజిన్, సస్పెన్షన్, బాడీ. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 దీనికి మంచి ఉదాహరణ. 2020లో మన దేశానికి 200 కార్లే కేటాయించారు, ఎక్స్-షోరూమ్ (లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర) 35.99 లక్షలు, 245 పీఎస్ పవర్. బ్యాడ్జీలు తెచ్చి మామూలు ఆక్టేవియాకు అంటించుకోవచ్చు. ఆ ఇంజినూ ఆ సస్పెన్షనూ మాత్రం అంటించుకోలేరు. అందుకే ఇప్పటికీ దీన్ని పేరు పెట్టి వెతుక్కునేవాళ్లు ఉన్నారు.

నాలుగో రకం వీడ్కోలు ఎడిషన్లు. ఒక మోడల్ ఆగిపోయే ముందు చివరి విడతగా వచ్చేవి. పాత థార్ ఆపేముందు మహీంద్రా 2019లో థార్ 700 తెచ్చింది. సరిగ్గా 700 బళ్లు, ఎక్స్-షోరూమ్ 9.99 లక్షలు, ఆనంద్ మహీంద్రా సంతకంతో. ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 2022లో లెజెండ్ ఎడిషన్ వచ్చింది, అదీ 700 కార్లే. ఇక అలాంటి కారు కొత్తది దొరకదన్న బాధ వీటి వెనక ఉంటుంది, ఆ బాధకు కొంత ధర పలుకుతుంది. కొంతే సుమా. పోలోలో చాలామంది వెతికేది టీఎస్‌ఐ అనే టర్బో పెట్రోల్ ఇంజిన్ కోసం. ఎడిషన్ స్టిక్కర్ ఆ తర్వాతి మాట.

2. 'లిమిటెడ్' అన్న మాట కాదు, అంకె అడగండి

సేల్స్ కుర్రాడు "లిమిటెడ్ ఎడిషన్ సార్, అయిపోతే మళ్లీ రాదు" అనగానే "మొత్తం ఎన్ని?" అని అడగండి. "లిమిటెడే సార్" అని మళ్లీ అదే మాట చెప్పాడంటే అంకె లేదని అర్థం. లిమిటెడ్ పీరియడ్ వేరు, లిమిటెడ్ సంఖ్య వేరు. దీపావళి దాకా బుక్ చేసినవాళ్లందరికీ ఇచ్చేదాన్ని కూడా లిమిటెడ్ అనే అంటారు.

కారులో నంబరు ప్లేటు ఉన్నంతమాత్రాన కూడా మురిసిపోకండి. థార్ ఎర్త్ ఎడిషన్‌లో ఒక్కో బండికీ 1 నుంచి మొదలయ్యే వరుస నంబరుతో అలంకారపు ప్లేటు ఇచ్చారు. మొదలు ఎక్కడో తెలుసు, చివర ఎక్కడో తెలియదు. థార్ 700కి పేరులోనే చివర ఉంది.

ఇక సంఖ్య ఉన్నా, దాన్ని ఆ మోడల్ అమ్మకాల పక్కన పెట్టి చూడండి. 2020లో కియా సెల్టోస్ యానివర్సరీ ఎడిషన్‌కు 6,000 కార్లని చెప్పారు. నెలకు వేలల్లో అమ్ముడయ్యే బండికి 6,000 అంటే ఎంత? మీ కాలనీలోనే ఇంకోటి కనిపించవచ్చు. అదే 200 అయితే మీ జిల్లా మొత్తానికి ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

కొన్ని 'స్పెషల్' పేర్లు కాలం గడిచేకొద్దీ మామూలు వేరియంట్లయిపోతాయి. టాటా డార్క్ 2019లో హారియర్‌తో మొదలైంది. 2021లో నెక్సాన్‌కూ ఆల్ట్రోజ్‌కూ పాకింది, తర్వాత సఫారీకి వచ్చింది, ఆ తర్వాత రెడ్ డార్క్. ఇప్పుడది ఎప్పుడు కావాలన్నా దొరికే సరుకు. మొదటి హారియర్ డార్క్ కొన్నవాళ్లు తమది అరుదైనదని ఎంతకాలం అనుకోగలిగారు?

ఒక్కటే ఒక్కటి ఉంటే? దానికీ కథ ఉంది. గురువాయూరు గుడికి మహీంద్రా కానుకగా ఇచ్చిన థార్‌ను 2021 డిసెంబరులో వేలం వేస్తే 15.10 లక్షలు పలికింది. ఆ వేలం మీద గొడవై 2022 జూన్‌లో మళ్లీ వేస్తే 43 లక్షలకు పోయింది. ఆ ధర థార్‌ది కాదు, గురువాయూరప్పది. మన బండికి ఆ లెక్క వర్తించదు.

3. ఆ ఎడిషన్ ఎందుకు పుట్టిందో ఆరా తీయండి

ఈ అడుగును చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

కంపెనీ ఒక ఎడిషన్ తెచ్చిందంటే రెండు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. బండి బాగా పోతోంది కాబట్టి ఇంకాస్త ఎక్కువకు అమ్ముదామని. లేదా బండి కదలడం లేదు కాబట్టి కదిలిద్దామని. రెండోదైతే జాగ్రత్త.

జిమ్నీ సంగతే చూడండి. 2023 జూన్‌లో 12.74 లక్షల దగ్గర ధర మొదలైంది. ఆ ఏడాది చివర్లో థండర్ ఎడిషన్ వచ్చింది, పైన స్టిక్కర్లు, లోపల కొన్ని యాక్సెసరీలు, మొదలు ధర 10.74 లక్షలు. పేరుకు స్పెషల్ ఎడిషన్, పనికి 2 లక్షల డిస్కౌంటు. థండర్ కొన్నవాళ్లు నష్టపోలేదు. ఆరు నెలల ముందు పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల సంగతే పాపం. వాళ్ల బండి ఇంకా కొత్త వాసన కూడా పోలేదు, దాని సెకండ్ హ్యాండ్ ధర మాత్రం రాత్రికి రాత్రి దిగింది. సెకండ్ హ్యాండ్ ధర ఎప్పుడూ కొత్త బండి ధరను పట్టుకునే వేలాడుతుంది మరి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు జరిగిందీ ఇదే: కొత్తవి దిగాయి, పాతవాటి బేరాలూ దిగాయి.

సంఖ్య తక్కువగా ఉన్నా ఈ ప్రమాదం తప్పదు. ఫోక్స్‌వ్యాగన్ 2016 చివర్లో పోలో జీటీఐని దిగుమతి చేసి తెచ్చింది. మూడు డోర్లు, 1.8 లీటర్ల టర్బో ఇంజిన్, దేశానికి 99 కార్లే అన్నారు. ధర పాతిక లక్షల పైమాట. మూడు డోర్ల పోలోకు పాతిక లక్షలేమిటని జనం వెనకాడారు. ఏడాది తిరక్కముందే ధర 19.99 లక్షలకు తెచ్చారు. మొదట్లో కొన్నాయన కారు సెల్లార్‌లో కదలకుండా ఉండగానే 5 లక్షలకు పైగా ఆవిరి. 99 అన్న అంకె ఆయన్ను కాపాడలేదు.

అమెరికాలో ఉండే మనవాళ్లు పోర్షే 911 ఆర్ కథ చెబుతుంటారు. 2016లో 991 కార్లే చేశారు, మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న కారని ఎగబడ్డారు, ధరలు కొన్న రేటుకు ఎన్నో రెట్లు పోయాయి. మరుసటి ఏడాదే కంపెనీ జీటీ3 టూరింగ్ తెచ్చింది, అదే తరహా మాన్యువల్ గేర్‌బాక్స్‌తో. ఆర్ మీద ఉన్న వేడి తగ్గింది. అంతటి కారుకే ఆ గతి పట్టినప్పుడు, మనం కొనే కాంపాక్ట్ ఎస్‌యూవీకి వచ్చే ఏడాది ఇంకో రంగులో ఇంకో ఎడిషన్ రాదని ఎవరు చెప్పగలరు?

కాబట్టి బుక్ చేసేముందు రెండు షోరూమ్‌లకు ఫోన్ చేసి డెలివరీ ఎన్నాళ్లని అడగండి. "రేపే తీసుకెళ్లండి సార్" అంటే ఆ ఎడిషన్ స్టాకు కదిలించడానికి వచ్చిందన్నమాట. డిస్కౌంటు గట్టిగా అడగండి. డిస్కౌంటు దొరికితే స్పెషల్ ఎడిషన్ మంచి బేరమే, వద్దనకండి.

4. కాగితం మీద లెక్క వేయండి

'40 వేలే కదా ఎక్కువ' అనిపిస్తుంది. ఆ 40 వేలు 40 వేల దగ్గర ఆగవు.

మామూలు వేరియంట్ ఎక్స్-షోరూమ్ 11 లక్షలు, ఎడిషన్ 11.40 లక్షలు అనుకుందాం. ఆ 40 వేల మీద లైఫ్ ట్యాక్స్ పడుతుంది. 17 శాతం వేసుకుంటే 6,800. ఇన్సూరెన్స్ కాస్త పెరుగుతుంది. కలిపి దగ్గర దగ్గర 47 వేలు. దాన్ని లోన్‌లో కలిపితే, 9 శాతం వడ్డీకి అయిదేళ్లలో మరో 11 వేల పైచిలుకు. చేతి నుంచి పోయేది దాదాపు 58 వేలు.

10 లక్షల గీత దగ్గర ఇంకా ఘోరం. తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ లైఫ్ ట్యాక్స్ స్లాబ్ 10 లక్షల దగ్గర మారుతుంది. మామూలు వేరియంట్ 9.80 లక్షలు, ఎడిషన్ 10.15 లక్షలు అనుకోండి. మొదటిదానికి 14 శాతం చొప్పున 1,37,200. రెండోదానికి తక్కువలో తక్కువ 17 శాతం వేసుకున్నా 1,72,550. అంటే 35 వేల స్టిక్కర్లకు ఇంకో 35 వేలు పన్ను! పైగా 10 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టించుకుంటారు. అది ఐటీ రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది, లైఫ్ ట్యాక్స్ రాదు. స్లాబులు మారుతుంటాయి కనుక రెండు వేరియంట్లకూ ఆన్‌రోడ్ కొటేషన్ రాయించుకుని పక్కపక్కన పెట్టుకోండి. ఎక్స్-షోరూమ్ తేడా చూసి నిర్ణయం తీసుకోవద్దు.

ఇప్పుడు అమ్మే వైపు. ఇన్సూరెన్స్ కంపెనీలు ఐడీవీకి, అంటే పాలసీలో కారుకు కట్టే విలువకు, వాడే తరుగుదల పట్టికను కొలబద్దగా పెట్టుకోవచ్చు: ఆరు నెలలు దాటి ఏడాది లోపు 15 శాతం, రెండో ఏడాదికి 20, మూడుకు 30, నాలుగుకు 40, అయిదుకు 50. పై ఉదాహరణలో 11.40 లక్షల కారును అయిదేళ్లకు అమ్ముతున్నారు, కొనేవాడు ఎడిషన్‌కున్న ధర తేడాను పూర్తిగా ఒప్పుకున్నాడనే అనుకుందాం. ఆ 40 వేలలో మీకొచ్చేది 20 వేలు. అదీ ఒప్పుకుంటేనే. మీ జేబు నుంచి పోయింది 58. మిగతా 38 వేలు మీ సరదా ఖరీదు. ఆ సరదాకు 38 వేలు పెట్టొచ్చనిపిస్తే నిక్షేపంగా కొనుక్కోండి, నేను కాదనను. రీసేల్ వస్తుందనే సాకు మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పకండి.

5. పాత ఎడిషన్ల ధరలు చూడండి

మీరు కొనబోయే ఎడిషన్ అయిదేళ్ల తర్వాత ఎంత పలుకుతుందో ఎవరికీ తెలియదు. కానీ అదే కంపెనీ మూడు, నాలుగేళ్ల కిందట తెచ్చిన ఎడిషన్ ఇవాళ ఎంత పలుకుతోందో చూడొచ్చు.

పాత కార్ల సైట్లలో ఆ ఎడిషన్ కార్లు అయిదు, అదే సంవత్సరం మామూలు టాప్ ఎండ్ కార్లు అయిదు వెతకండి. ఇంజినూ గేర్‌బాక్సూ ఒకటే అయ్యుండాలి. కిలోమీటర్లలో తేడా 10 వేలు మించకూడదు. ఓనర్ల సంఖ్య, రిజిస్ట్రేషన్ రాష్ట్రం కూడా కలవాలి. ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) మీద వచ్చిన బండిని, మొదటి నుంచీ తెలంగాణ, ఏపీ నంబరుతో ఉన్న బండితో పోల్చడం తప్పు. రేట్లు ఒక పుస్తకంలో రాసుకుని మూడు వారాలాగి మళ్లీ చూడండి. అక్కడ కనిపించేది అడిగే రేటు, అమ్ముడైన రేటు కాదు. మూడు వారాల తర్వాత కూడా ఎడిషన్ కారు అక్కడే ఉండి, మామూలుది వెళ్లిపోయిందంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకో చిట్కా, కాస్త చిలిపిది. మీ ఊళ్లో రెండు కార్ కన్సల్టెన్సీలకు ఫోన్ చేసి "నా దగ్గర ఫలానా ఎడిషన్ ఉంది, ఎంతకు తీసుకుంటారు?" అని అడగండి. మర్నాడు మీ తమ్ముడితో మామూలు వేరియంట్ ఉందని అడిగించండి. రెండు రేట్లూ ఒకటే వస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

ఈ పని చేస్తున్నప్పుడు ఒక సంగతి మీకే కనపడుతుంది. ధరను నిలబెట్టేది ఎడిషన్ కాదు, అసలు కారు. ఫార్చ్యూనర్‌లో ఏ ఎడిషనైనా పోతుంది, ఎందుకంటే అది ఫార్చ్యూనర్. 2000ల మొదట్లో సచిన్ పేరుతో వచ్చిన ఫియట్ పాలియో ఎస్10 గుర్తుందా? ఫియట్ మన దగ్గర కార్ల అమ్మకమే మానేశాక, ఆ కారు ఉన్నాయన సచిన్ సంతకం కంటే స్పేర్ పార్టుల కోసమే ఎక్కువ వెతుక్కోవాలి. సర్వీసు సెంటర్ దగ్గర్లో లేని బ్రాండ్‌లో స్పెషల్ ఎడిషన్ కొనడమంటే కష్టాన్ని అదనపు డబ్బిచ్చి కొనడమే.

రంగు సంగతి కూడా. ఎడిషన్లలో నలుపు, మట్టి రంగు, ఆలివ్ ఆకుపచ్చ ఎక్కువ. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తెలుపును వద్దనేవాళ్లు అరుదు. నల్ల కారు షోరూమ్ లైట్ల కింద మెరిసిపోతుంది. రెంటచింతల ఎండలో నాలుగు వేసవులు నిలబెట్టి, రోజూ పొడిగుడ్డతో తుడిపిస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలొస్తాయి. కొనేవాడు వాటిని చూపించే బేరం మొదలుపెడతాడు.

6. కొనేరోజే సాక్ష్యాలు పోగేయండి

ఇన్నీ చూశాక కూడా కొందామనే అనుకున్నారా? అయితే డెలివరీ రోజు హారతి, కొబ్బరికాయ, ఫొటోల సందడిలో ఈ కాగితాలు మర్చిపోవద్దు.

ఇన్‌వాయిస్‌లో ఎడిషన్ పేరు పూర్తిగా ఉండాలి. "టాప్ వేరియంట్" అని రాసి, కిట్‌ను వేరే బిల్లులో పెడితే, రేపు యాప్ కుర్రాడు చెప్పే మాట ఇప్పుడే రాసిచ్చినట్టు. ఆర్‌సీలో మోడల్ పేరు దగ్గర ఏం ఎక్కిస్తున్నారో రిజిస్ట్రేషన్‌కు ముందే అడగండి. తర్వాత మార్చాలంటే ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. నంబరు ప్లేటు, సర్టిఫికెట్ ఉంటే ఛాసిస్ నంబరుతో కలిపి ఫొటో తీసి దాచండి. ఆ నెల బ్రోచర్ కూడా ఉంచుకోండి. అయిదేళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో దొరక్కపోవచ్చు, అప్పుడు ఏమేం వచ్చాయో చెప్పడానికి అదొక్కటే ఆధారం.

కిట్‌ను విడిగా బిల్లు చేస్తే ఆ విలువ ఐడీవీలోకి రాదు. పాలసీలో యాక్సెసరీలుగా చూపించాలి. ఎలక్ట్రికల్ యాక్సెసరీలకు విలువ మీద 4 శాతం ప్రీమియం తీసుకుంటారు. చూపించకపోతే యాక్సిడెంట్‌లో పోయిన స్పాయిలర్, లైట్లు మీ ఖాతాలోనే. డీలర్ దగ్గర బిగించే లైట్లు, కెమెరా లాంటివి ఉంటే వైరు కోసి కలిపారా, ప్లగ్‌లా తగిలించే కప్లర్‌తో పెట్టారా చూడండి. కోస్తే వారంటీ గొడవ వస్తుంది.

ఇంకొక్కటి, నేను ఎవరికైనా మొదట చెప్పేది. ఎడిషన్ ఇంకా అమ్మకంలో ఉండగానే స్పేర్ కౌంటర్‌కు వెళ్లి ఒక సెట్ స్టిక్కర్లూ రెండు బ్యాడ్జీలూ అదనంగా కొనిపెట్టుకోండి. మా వీధిలో ఒక ఎడిషన్ కారును వెనక ఆటో గుద్దింది. ఇన్సూరెన్స్‌లో బంపరూ డిక్కీ డోరూ మార్చారు, పెయింట్ బ్రహ్మాండంగా కలిసింది. బ్యాడ్జి మాత్రం దొరకలేదు. ఎడిషన్ అయిపోయి రెండేళ్లయిందట. ఇప్పుడా కారు ముందు నుంచి చూస్తే స్పెషల్, వెనక నుంచి చూస్తే మామూలు.

7. ఉన్నన్నాళ్లూ ఎలా ఉంచాలి

ఎక్కువ చెప్పేదేమీ లేదు. కొత్త అల్లాయ్‌లు, వేరే సైలెన్సర్, ర్యాప్ జోలికి పోకండి. రంగు మారేలా ర్యాప్ చేయించి ఆర్‌సీలో ఎక్కించకపోతే పోలీసులతోనూ తంటా, కొనేవాడితోనూ తంటా. ఏదైనా తీస్తే పాతది పారేయకుండా అటక మీద పెట్టండి. సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైల్‌లో ఉంచండి.

కొంతమంది స్పెషల్ ఎడిషన్ కదా అని తిప్పకుండా కవరు కప్పి పెడతారు. 200 కార్లలో ఒకటైతే సరే. 15 లక్షల లోపు కారును అలా ఉంచితే బ్యాటరీ పోతుంది, టైర్లు గట్టిపడతాయి, వైరింగ్‌ను ఎలుకలు కొరుకుతాయి. రేటు పెరిగేదేమీ ఉండదు.

8. అమ్మేటప్పుడు సరైన మనిషిని వెతకండి

మొదటి రెండు రకాల ఎడిషన్లకు ప్రత్యేక ప్రయత్నం అనవసరం. మామూలు కారులాగే అమ్మండి. అదే మోడల్ కొత్త తరం వస్తుందన్న వార్త గట్టిపడకముందే అమ్మడం మేలు. మూడో, నాలుగో రకమైతే యాప్‌కు, కన్సల్టెన్సీకి ఇవ్వకండి. వాళ్లకు కావలసింది వారంలో పోయే సరుకు, మీ కారు విలువ తెలిసినవాడు మూడు నెలలకొకడు వస్తాడు. పైగా రిజిస్టర్డ్ డీలర్ తన లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, అది కూడా మీకిచ్చే రేటులోంచే తగ్గించుకుంటాడు. మనిషికి మనిషి అమ్ముకుంటే ఆ జీఎస్టీ లేదు. ఆ మోడల్ ఓనర్ల గ్రూపుల్లో పెట్టండి.

ప్రకటనలో "రేర్ పీస్, ఓన్లీ ఫర్ లవర్స్" లాంటివి వద్దు. ఎడిషన్ పేరు, ఎన్నింటిలో ఎన్నోది, ఇన్‌వాయిస్ ఫొటో, మామూలుదానికీ దీనికీ ఉన్న మూడు తేడాలు రాయండి. రేటు ఇలా పెట్టి చూడండి: అదే సంవత్సరం మామూలు కారుకు మార్కెట్లో నడుస్తున్న రేటు, దాని మీద మీరు అప్పట్లో పెట్టిన అదనంలో సగం. మూడు వారాల్లో గట్టి ఫోన్ ఒక్కటీ రాకపోతే ఆ సగం కూడా వదిలేయండి. ఆ అదనం కోసం కారును ఆరు నెలలు ఉంచుకుంటే, ఆ ఆరు నెలల తరుగు అంతకంటే ఎక్కువ.

9. లేదా, అవతలి వైపు నిలబడండి

మొదటి ఓనర్‌కు ఎడిషన్ డబ్బు తిరిగి రావడం లేదంటే అది ఎక్కడికి పోతోంది? రెండో ఓనర్‌కు ఉచితంగా వెళ్తోంది. నల్ల సీట్లు, నల్ల అల్లాయ్‌లు అంటే ఇష్టమున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే: రెండు, మూడేళ్ల పాత ఎడిషన్ కారును మామూలుదాని రేటుకు కొనండి. మా బావమరిది కారు కొనుక్కున్నాయన చేసింది అదే. మనిషి చాలా సంతోషంగా ఉన్నాడు.

కాకపోతే అది అసలుదేనా అని చూసుకోవాలి. బ్యాడ్జీలు ఆన్‌లైన్‌లో వందల్లో దొరుకుతాయి. మామూలు ఆక్టేవియాకు ఆర్‌ఎస్ బ్యాడ్జి పెట్టుకుని తిరిగేవాళ్లు ఎంతమందో. ఛాసిస్ నంబరు తీసుకుని ఆ కంపెనీ సర్వీసు సెంటర్లో రికార్డు అడగండి, ఏ వేరియంట్‌గా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆర్‌సీ, ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్ మూడిట్లోనూ మోడల్ పేరు పోల్చండి. సీటు మీద కుట్టిన పేరు దగ్గర వేలితో రుద్దండి. పైన వేసిన కవరైతే కింద లెదర్ జారుతుంది.

బేరం కుదిరాక కొన్నా, అమ్మినా కాగితాల పని ఒకటే. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీతో. అమ్మేవాళ్లయితే ఫాస్టాగ్ మూసేయండి, లేకపోతే కొన్నాయన తిరుపతి వెళ్లొచ్చిన టోల్ మీ వాలెట్‌లోంచి పోతుంది. అదనంగా కొనిపెట్టిన స్టిక్కర్లు, బ్యాడ్జీలు, బ్రోచర్ ఒక కవర్లో పెట్టి తాళాలతోపాటు ఇచ్చేయండి. డెలివరీ నోటు మీద తేదీతో పాటు టైమ్ కూడా వేయించి, రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో ఓనర్ పేరు మారినట్టు కనిపించేదాకా దాన్ని భద్రంగా ఉంచండి.